మూడో పేరు

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, సభాసదులకు నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మా వీణ గురువుగారికి పాదాభివందనం. అమ్మా, ఈ వయసులో రెండంతస్తులు ఎక్కి వచ్చారు. మీరు వచ్చారు, నాకు అదే చాలు. హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, మధ్యాహ్నం నుంచి కుర్చీలు మోసిన పిల్లలకు కృతజ్ఞతలు.

కరపత్రంలో నా ప్రసంగం పేరు ‘తీగ వాద్యాలు, ప్రపంచ సంగీతం’ అని వేశారు. ఇరవై నిమిషాలు ఇచ్చారు. అంత పెద్ద విషయాన్ని అంత సమయంలో చెబితే పేర్ల జాబితా చదివినట్టుంటుంది. అందుకని ఒకే మనిషిని తీసుకుంటున్నాను. పండిత్ బ్రిజ్ భూషణ్ కాబ్రా. ఈ పేరు ఇంతకు ముందు విన్నవాళ్లు దయచేసి చేతులెత్తండి. నాలుగు. అక్కడ వెనక ఒకటి, ఐదు. ఇప్పుడు శివకుమార్ శర్మగారి సంతూర్, అదే చిన్న సుత్తులతో తీగల మీద కొట్టి వాయించే వాద్యం, విన్నవాళ్లు? హరిప్రసాద్ చౌరాసియాగారి వేణువు విన్నవాళ్లు? చూడండి, సగం హాలు. ఈ ముగ్గురూ కలిసి ఒకే రికార్డు మీద వాయించారు. దాని పేరు ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’. 1967లో వచ్చింది. ఇద్దరికి సగం హాలు, మూడో మనిషికి ఐదు చేతులు. నేను మాట్లాడదలచుకున్నది ఈ తేడా గురించే.

ఆ రికార్డు నాకు ఎనభైల్లో మా బావగారి దగ్గర క్యాసెట్‌గా దొరికింది. దుకాణంలో ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చినది, అట్ట లేదు. మీద నీలం సిరాతో ‘సంతూర్, ఫ్లూట్’ అని రాసి ఉంది. కాశ్మీరులో ఒక గొర్రెల కాపరి జీవితంలో ఒక రోజు, తెల్లవారినప్పటి నుంచి రాత్రి వరకు, రాగం వెంట రాగంగా సాగుతుంది. సంతూర్ తెలుస్తోంది, వేణువు తెలుస్తోంది. వాటి మధ్య ఇంకొకటి మోగుతోంది. మీటు స్పష్టంగా వినిపించేది. కానీ మీటిన తర్వాత స్వరం అక్కడే ఆగకుండా మెల్లగా నడిచి పక్క స్వరంలోకి వెళ్లిపోయేది. సితార్ కాదు, దానిలో ఉండే ఆ రొద లేదు. సరోద్ అనుకుందామంటే అంతకన్నా మెత్తన. క్యాసెట్ పట్టుకుని గురువుగారి ఇంటికి పరుగెత్తాను. ఆవిడ కళ్లు మూసుకుని విని, ‘గోటువాద్యంలా ఉంది నాయనా, కానీ ఆ తీగ మనది కాదు’ అన్నారు. గోటువాద్యమంటే మెట్లు లేకుండా, తీగల మీద కడ్డీ జరిపి వాయించే వీణ. అమ్మా, మీకు గుర్తుందా? ఆ ఒక్క వాక్యం నన్ను ఇరవై ఏళ్లు తిప్పింది.

అసలు అట్ట చూసింది ఎన్నో ఏళ్ల తర్వాత, పాత గ్రామఫోను రికార్డులు అమ్మే ఒక మనిషి దగ్గర. మూడు పేర్లు ఉన్నాయి. మూడో పేరు పక్కన గిటార్ అని ఉంది. గిటార్! నిలబడి రెండుసార్లు చదివాను. అన్నాళ్లూ గిటార్ వింటూ అది గిటార్ అని నాకు తెలియలేదు. ఎందుకంటే గిటార్ అంటే ఎలా ఉండాలో నా చెవికి ముందే ఎవరో చెప్పేశారు.

ఆయన 1937లో జోధ్‌పూర్‌లో పుట్టారు. తండ్రి గోవర్ధన్‌లాల్ కాబ్రాగారు సితార్ విద్వాంసుడు ఇనాయత్ ఖాన్ దగ్గర నేర్చుకున్నవారు. అన్న దామోదర్‌లాల్ కాబ్రా సరోద్ వాయించేవారు, ఉస్తాద్ అలీ అక్బర్ ఖాన్ శిష్యుడు. అలీ అక్బర్ ఖాన్ అప్పట్లో జోధ్‌పూర్ సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడు. అలాంటి ఇంట్లో పుట్టిన ఈ కుర్రవాడికి మొదట సంగీతం మీద పెద్దగా మనసు లేదు. కలకత్తా వెళ్లినప్పుడు అక్కడ హవాయి గిటార్ విన్నాడు. దానితో ఇంటికి వచ్చాడు.

కలకత్తాకు ఆ గిటార్ ఎలా వచ్చిందన్నది వేరే కథ, రెండు ముక్కల్లో చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దం చివర హవాయి దీవుల్లో జోసెఫ్ కెకుకు గిటార్‌ను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, తీగల మీద ఇనుప కడ్డీ జరిపి వాయించే పద్ధతిని బాగా వ్యాప్తిలోకి తెచ్చాడు. హవాయి బృందాలు ఓడలెక్కి దేశాలన్నీ తిరిగాయి. టౌ మో అనే కళాకారుడు రెండో ప్రపంచ యుద్ధకాలంలో కుటుంబంతో సహా కలకత్తాలోనే ఉన్నాడు. బెంగాలీలకు ఆ ధ్వని నచ్చింది. దాని మీద రవీంద్ర సంగీతం వాయించారు, సినిమా పాటలు వాయించారు. రేడియోలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీ వస్తే ఒక సినిమా పాట గిటార్ మీద వినిపించేవారు, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. మంచి కళాకారులే, తక్కువ చేసి మాట్లాడటం లేదు. కానీ గిటార్‌కు దక్కిన చోటు అదే: ఖాళీ పూరించే చోటు.

కాబట్టి కొడుకు గిటార్ తెస్తే ఆ తండ్రికి ఎలా ఉంటుంది? ఆయన వద్దన్నారు. కొడుకు వదల్లేదు. చివరికి తండ్రి ఒక షరతు మీద ఒప్పుకున్నారు: దీని మీద శాస్త్రీయ సంగీతం తప్ప మరొకటి వాయించకూడదు. కొడుకు మాట ఇచ్చాడు.

నేను ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. ఇవాళ కూడా ఆగుతాను, నిర్వాహకులు మన్నించాలి. మాట ఇవ్వడం తేలిక. ఆ రోజు ఆ వాద్యం మీద ఒక రాగాన్ని పూర్తిగా, ఆలాపనతో మొదలుపెట్టి చివరి వరకు ఎలా వాయించాలో చూపించే గురువు లేడు, బాణీ లేదు, పుస్తకం లేదు. వాద్యం ఉంది, ఇచ్చిన మాట ఉంది. ఆయన అలీ అక్బర్ ఖాన్ దగ్గరకే వెళ్లి కూర్చున్నారు. గురువుగారి చేతిలో సరోద్, శిష్యుడి ఒళ్లో గిటార్. విన్నది విన్నట్టు తన వాద్యం మీదికి తెచ్చుకోవాలి. వేళ్లు ఎక్కడ పెట్టాలో గురువుకు తెలియదు. రాగం ఎక్కడికి వెళ్లాలో తెలుసు.

ఇదిగో, చూపిద్దామని ఒకటి తెచ్చాను. ఇది స్టీలు కడ్డీ. చేతికి అందిస్తాను, పట్టుకుని చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. బరువుగా ఉంది కదా? గుండ్రంగా, అద్దంలా నున్నగా ఉండాలి. దాని మీద చిన్న గీత పడినా తీగ గీరినట్టు వినిపిస్తుంది. ఎడమ చేత్తో దీన్ని తీగ మీద ఆనించాలి, నొక్కకూడదు. నొక్కితే తీగ దిగి మెట్టుకు తగిలి టక్కుమంటుంది. అందుకే తీగలను పలక నుంచి బాగా ఎత్తి కడతారు. అప్పుడు మెట్లు ఉండి కూడా లేనట్టే, చూపుకు గుర్తులు మాత్రమే. కడ్డీ వెనక మిగిలిన వేళ్లు తీగను మెల్లగా తాకుతూ రావాలి, లేకపోతే అక్కర్లేని మోత కూడా పలుకుతుంది. కడ్డీ వెంట్రుకవాసి పక్కకు జరిగినా శ్రుతి తప్పుతుంది. వీణలో మెట్టు కాపాడుతుంది. ఇక్కడ కాపాడేది చెవి ఒక్కటే.

ఇంకో కష్టం ఉంది. ఇది కరెంటు లేని గిటార్. మీటిన స్వరం ఎంతసేపు బతుకుతుంది? ఆ స్వరం చచ్చిపోయే లోపలే జారు పూర్తి చేయాలి. సితార్ మీద తీగను పక్కకు లాగి నాలుగైదు స్వరాలు సాధిస్తారు. కడ్డీతో ఒకే తీగ మీద ఒక స్థాయి దాటి వెళ్లవచ్చు. కానీ ఊపిరి తక్కువ. కాబ్రాగారు చేసింది ఈ ఊపిరిని లెక్కపెట్టుకుని రాగం పాడించడం. గిబ్సన్ గిటార్‌కు, మన వీణకు తాళ తంత్రులు ఉన్నట్టు, చికారీ తీగ చేర్చుకున్నారు. కింద అనురణన తీగలు, అంటే మీటకుండానే పై తీగల ధ్వనికి తామూ మోగే తీగలు, మాత్రం కట్టుకోలేదు. కట్టుకుంటే ధ్వని నిండుగా, సితార్‌లా ఉండేది, జనానికి వెంటనే నచ్చేది. ఆయనకు గిటార్ గొంతు గిటార్‌లాగే ఉండి రాగం పాడాలి.

ఇప్పుడు ఆ రికార్డు మళ్లీ వినండి. సంతూర్ మీద సుత్తి దెబ్బ పడుతుంది, స్వరం చినుకులా రాలుతుంది, జారదు. వేణువు ఊపిరి ఉన్నంతసేపు సాగుతుంది, దానికి మీటు లేదు. మీటు, జారు రెండూ ఉన్నది గిటార్‌కే. అది చినుకు వైపు నుంచి గాలి వైపు వెళ్లే దారి. ఆ మధ్య దారి తీసేయండి, ఆ రెండు వాద్యాలూ ఎవరి గట్టున అవి ఉంటాయి. క్యాసెట్ మీద రాసిన మనిషి సరిగ్గా దాన్నే రాయలేదు.

మెక్లాఫ్లిన్ గురించి కూడా చెబుదామనుకున్నాను. జాన్ మెక్లాఫ్లిన్ ఇంగ్లండు మనిషి, ఎలక్ట్రిక్ గిటార్‌తో పెద్ద పేరు సంపాదించి, డెబ్బైల మధ్యలో తబలా జాకిర్ హుస్సేన్, వయొలిన్ ఎల్. శంకర్, ఘటం విక్కు వినాయకరాంలతో ‘శక్తి’ బృందం కట్టారు. అందులో ఎకౌస్టిక్ గిటార్ పట్టారు. ఆయనకూ ఇదే ఇబ్బంది ఎదురైంది: మెట్టు మీద గమకం పలకదు. మెట్ల మధ్య చెక్కను లోతుగా చెక్కించి, అడ్డంగా అనురణన తీగలు కట్టించుకున్నారు. మెట్టును ఒకరు కడ్డీతో దాటారు, ఒకరు చెక్కి లొంగదీశారు. అటు నుంచి ఒకరు, ఇటు నుంచి ఒకరు ఒకే గోడ దగ్గరికి వచ్చారు. ‘ఫ్యూజన్’ అనే మాటను నేను ఇష్టపడను కానీ, ఆ మాటకు అర్థం ఉంటే ఆ గోడ దగ్గర చేసిన పనిలోనే ఉంది. నాలుగు వాద్యాలు వేదిక ఎక్కించి అందరూ వేగంగా వాయిస్తే అది కలయిక కాదు.

సమయం అయిందని చీటీ వచ్చింది. అయ్యా, ఇంకొంచెం ఓపిక పట్టండి. నేను అసలు చెప్పవలసింది ఇప్పుడు చెబుతాను.

నా దగ్గర ఒక అబ్బాయి నేర్చుకుంటున్నాడు. పదమూడేళ్లు. పోయిన ఏడాది ఒక పోటీకి పంపాను. దరఖాస్తులో వీణ, వయొలిన్, వేణువు, మాండలిన్ ఉన్నాయి. ‘ఇతరములు’ దగ్గర స్లైడ్ గిటార్ అని, అంటే ఈ కడ్డీతో వాయించే గిటార్ అని రాశాడు. రుసుము తీసుకున్నారు. నాలుగు నెలలు రోజూ చక్రవాకం రాగం సాధన చేశాడు. వాడి వంతు వచ్చి వేదిక ఎక్కి, రుమాలుతో కడ్డీ తుడుచుకుంటుంటే ఒక పెద్దమనిషి లేచి, ఇది మన వాద్యం కాదు, పాశ్చాత్య విభాగంలోకి వెళ్లమన్నారు. వెళ్లాడు. అక్కడ వాయించాడు. కార్డ్స్, అంటే నాలుగైదు తీగలు కలిపి ఒకేసారి మీటే స్వరాలు, లేవు, ఇది గిటార్ వాయించడం కాదని వాళ్లు మార్కులు వేయలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో వాడు నన్ను ఒక్కటే అడిగాడు: ‘మాస్టారూ, నేను తప్పు వాయించానా?’ లేదు నాయనా అన్నాను. నిషాదం దగ్గర కడ్డీ కాస్త పైకి వెళ్లింది, అది వేరే సంగతి. మిగతాదంతా ఒప్పు.

మన వాద్యం కాదట! వయొలిన్ ఎవరిది? ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్య సంగీతకారుడి దగ్గర నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చిన వాద్యం అది. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే, అందులో వయొలిన్ చెప్పడానికి ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వచ్చారు. ఇవాళ ఆ వాద్యం పరాయిదని ఎవరైనా అంటే మనం ఒప్పుకుంటామా? హార్మోనియంను 1940లో ఆలిండియా రేడియో వెలివేసింది. 1971 దాకా తలుపు తెరవలేదు. ఆ ముప్పై ఏళ్లలో మన పద్యనాటకం హార్మోనియం లేకుండా ఒక్క రాత్రి నడిచిందా? మాండలిన్ ఎవరిది? పాలకొల్లులో పుట్టిన శ్రీనివాస్ చేతిలో పడ్డాక అది మనది కాదనే ధైర్యం ఎవరికి ఉంది? ఆ పెద్దమనిషి చదివిన జాబితాలోనే మాండలిన్ ఉంది! ఒక తరం ముందు దాని మీదా ఇదే మాట పడింది. ఆ తరంలో ఎవరో ఒకరు పట్టుబట్టి దాని పేరు రాయించారు. గిటార్ పేరు ఎవరు రాయిస్తారు? నేను మిమ్మల్నే అడుగుతున్నాను.

కాబ్రాగారి తర్వాత ఈ దారిన వచ్చినవాళ్లు చాలామంది. ఆయన శిష్యుడు కలకత్తా దేబాశిష్ భట్టాచార్య సొంతంగా చతురంగుయి, గాంధర్వి, ఆనంది అని మూడు గిటార్లు తయారుచేసుకున్నారు. రవిశంకర్ శిష్యుడైన జైపూర్ విశ్వమోహన్ భట్ మోహన వీణ రూపొందించి, అమెరికా గిటారిస్టు రై కూడర్‌తో చేసిన రికార్డుకు 1994లో గ్రామీ అందుకున్నారు. వాళ్ల గౌరవం వాళ్లకు దక్కాలి, ఇంకా దక్కాలి. కాబ్రాగారు అహ్మదాబాద్‌లో శిష్యులకు చెప్పుకుంటూ ఉండిపోయారు. 2018లో వెళ్లిపోయారు. ఆ వార్త నేను చూసేసరికి కొన్ని రోజులు గడిచిపోయాయి. ఎవరికి ఫోన్ చేసి చెప్పుకోవాలో తెలియక గురువుగారికి చేశాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ క్యాసెట్ ఇంకా ఉందా?’ అన్నారు.

ఉందమ్మా. టేపు సాగిపోయి పాడైంది, కానీ పారేయలేదు.

తలుపు దగ్గర బల్ల మీద ఒక కాగితం పెట్టాను. వచ్చే పోటీల దరఖాస్తులో స్లైడ్ గిటార్ పేరు చేర్చమని అడుగుతున్నాం. వెళ్లేటప్పుడు సంతకం చేయండి, ఇష్టం లేనివాళ్లు చేయనక్కర్లేదు, కానీ ఒకసారి చదవండి. ఆ కడ్డీ ఎవరి దగ్గర ఉందో ముందుకు పంపండి, అది వాడిదే. అవును, ఆ అబ్బాయి ఇక్కడే ఉన్నాడు, తెర వెనక శ్రుతి చేసుకుంటున్నాడు. పోయిన ఏడాది అక్కడ వినని చక్రవాకం ఇప్పుడు ఇక్కడ వాయిస్తాడు. మైకు గిటార్‌కు కొంచెం దూరంగా పెట్టండి. పంకాలు కూడా ఆపాలి, పది నిమిషాలు ఉక్క ఓర్చుకోండి. పంకా తిరిగితే జారు చివర వినిపించదు. ఆ మూలది కూడా ఆపండి, అయ్యా. రా నాయనా, కూర్చో.