అమెరికా గట్టు తగాదా

అందరికీ నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది లింకన్, బానిసల విముక్తి. ఉత్తరాదివాళ్లు బానిసత్వం రద్దు చేయాలన్నారు, దక్షిణాదివాళ్లు కుదరదన్నారు, యుద్ధం వచ్చింది. స్కూల్లో మనం చదువుకున్నది ఇంతే. కానీ 1861 మార్చి 4న ప్రమాణ స్వీకారం చేస్తూ లింకన్ ఏమన్నారో తెలుసా? బానిసత్వం ఉన్న రాష్ట్రాల్లో దాని జోలికి వెళ్లనన్నారు. అయినా అప్పటికే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. ఉన్నచోట ఉండనిస్తామంటుంటే ఇంకెందుకు గొడవ? ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఈ ఒక్క ప్రశ్న గురించే.

గట్టు తగాదాలు మనకు కొత్త కాదు. జానెడు నేల దగ్గర మొదలై తలలు పగిలేదాకా వెళతాయి. అమెరికా తగాదా కూడా గట్టు దగ్గరే వచ్చింది. పడమటి వైపు కొత్తగా చేతికొస్తున్న నేలలో బానిసలతో సేద్యం చేయవచ్చా, కూడదా? నలభై ఏళ్లు దీని మీదే కొట్టుకున్నారు.

పాత నేల ఎందుకు చాలలేదంటే, పత్తి వల్ల. గింజ అంటుకుని ఉండే రకం పత్తిలో ఒక పౌను శుభ్రం చేయాలంటే మనిషి రోజంతా కూర్చోవాలి. 1793లో ఎలీ విట్నీ జిన్నింగ్ యంత్రం చేశాక ఆ ఇబ్బంది తీరిపోయింది. పత్తి ఎంత వేస్తే అంత లాభం. మరి ఏరేది ఎవరు? బయటి నుంచి బానిసలను దిగుమతి చేసుకోవడం 1808లోనే నిషేధించారు. అయినా 1790లో దాదాపు 7 లక్షలున్న బానిసలు 1860 నాటికి 40 లక్షలకు చేరువయ్యారు. వర్జీనియాలో పొగాకు వేసి వేసి నేల నిస్సారమైంది. అక్కడి ఆసాములు మనుషులను అలబామా, మిసిసిపీ, లూసియానా పత్తి చేలకు అమ్ముకున్నారు. అలా సుమారు 10 లక్షల మంది దక్షిణానికి తరలిపోయారు. తల్లి ఒకచోట, బిడ్డ ఒకచోట.

ఇక్కడే కిటుకంతా ఉంది. కొత్త నేల దొరుకుతున్నంత కాలం మనిషి ధర పెరుగుతూ ఉంటుంది. నేల ఆగిపోతే ధర పడిపోతుంది. కొత్త రాష్ట్రం వస్తే సెనేట్‌లో రెండు ఓట్లు కూడా వస్తాయి. కాబట్టి "ఉన్నచోట ఉండండి" అనే మాట వాళ్లకు ఉరితాడులా వినిపించింది.

1820లో మొదటి గట్టు వేశారు. మిస్సోరీని బానిస రాష్ట్రంగా, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగా చేర్చుకుని, ఫ్రాన్స్ దగ్గర కొన్న మిగతా నేలలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండకూడదన్నారు. అప్పటికి వృద్ధుడైన మాజీ అధ్యక్షుడు జెఫర్సన్, ఈ వార్త అర్ధరాత్రి మోగిన అగ్నిప్రమాద గంటలా తనను భయపెట్టిందని ఉత్తరం రాశారు. జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలకు యజమాని ఆయన. గంట వినపడిందిగానీ చెయ్యి మాత్రం కదల్లేదు.

తర్వాత మెక్సికోతో యుద్ధం. 1848లో కాలిఫోర్నియా సహా పెద్ద భూభాగం చేతికొచ్చింది, గొడవ మళ్లీ మొదటికొచ్చింది. 1850లో ఇంకో రాజీ. కాలిఫోర్నియా స్వేచ్ఛా రాష్ట్రం, అందుకు బదులుగా పారిపోయిన బానిసలను పట్టిచ్చే కఠిన చట్టం. పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే హక్కు కూడా లేదు. కేసు తేల్చే కమిషనర్ ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, వదిలేస్తే 5 డాలర్లు. ఈ లెక్క చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆంథొనీ బర్న్స్ గురించి కొంచెం వివరంగా చెప్పనివ్వండి. అతనికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. 1854 మొదట్లో వర్జీనియాలోని రిచ్‌మండ్ నుంచి ఓడలో దాక్కుని బోస్టన్ చేరాడు, బట్టల కొట్లో పనికి కుదిరాడు. అతనికి చదవడం, రాయడం వచ్చు. ఇంకా బానిసత్వంలోనే ఉన్న అన్నదమ్ముడికి ఉత్తరం రాశాడు. అది యజమాని చేతిలో పడింది. మే 24 సాయంత్రం నగల దుకాణంలో దొంగతనం చేశావనే నెపంతో నడివీధిలో పట్టుకున్నారు. విడిపించాలని జనం కోర్టు తలుపులు బద్దలు కొట్టబోతే ఆ గొడవలో ఒక కాపలాదారు చనిపోయాడు. జూన్ 2న బర్న్స్‌ను సైనికుల మధ్య రేవుకు నడిపించారు. దారి పొడవునా 50 వేల మంది. కిటికీలకు నల్లగుడ్డలు కట్టారు. వీధికి అడ్డంగా ఒక శవపేటిక వేలాడదీసి, దాని మీద "స్వేచ్ఛ" అని రాశారు.

ఆ వారంలోనే, మే 30న, కాన్సస్-నెబ్రాస్కా చట్టం మీద సంతకం పడింది. షికాగో నుంచి పడమటికి రైలు వేయాలని సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ ఆరాటం. అందుకు దక్షిణాది ఓట్లు కావాలి. సరే, 1820 నాటి గట్టు చెరిపేద్దాం, బానిసత్వం ఉండాలో వద్దో కాన్సస్, నెబ్రాస్కాల్లో స్థిరపడినవాళ్లే తేల్చుకుంటారన్నారు. రాజీలతో సర్దుకుపోతూ వచ్చిన ఉత్తరాది పెద్దమనుషులు ఆ వారంలో మారిపోయారు. బోస్టన్ జౌళి వ్యాపారి ఏమోస్ లారెన్స్, రాత్రి పడుకున్నప్పుడు రాజీ మనుషులం, తెల్లారేసరికి బానిసత్వం మీద పిచ్చెత్తిన విరోధులమయ్యాం అని రాసుకున్నారు. పత్తితో బతికే వ్యాపారి ఆయన, అందుకే ఆ మాట నాకు పెద్దదనిపిస్తుంది. కాన్సస్‌కు వెళ్లి స్థిరపడేవాళ్లకు ఆయన డబ్బు పెట్టారు. అక్కడ లారెన్స్ అనే ఊరు ఆయన పేరు మీద వెలిసింది.

కాన్సస్‌లో 1855 మార్చి ఎన్నికల నాటికి అర్హులైన ఓటర్లు సుమారు 2,900 మంది. పోలైన ఓట్లు 6,300. పక్కనున్న మిస్సోరీ నుంచి తుపాకులతో గుంపులుగా వచ్చి ఓట్లేసి వెళ్లిపోయారు. 1856 మే 21న బానిసత్వ వాదులు లారెన్స్ ఊరిని దోచుకున్నారు. మర్నాడు వాషింగ్టన్‌లో, సెనేట్ హాల్లోనే, బానిసత్వాన్ని తిట్టిపోసిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను ప్రెస్టన్ బ్రూక్స్ అనే దక్షిణాది ప్రతినిధుల సభ సభ్యుడు చేతికర్రతో నెత్తురోడేలా కొట్టాడు. దక్షిణాది అభిమానులు అతనికి కొత్త కర్రలు బహుమతిగా పంపారు! మరో రెండు రోజులకు బానిసత్వ విరోధి జాన్ బ్రౌన్ మనుషులు కాన్సస్‌లో అవతలి పక్షంవాళ్లు ఐదుగురిని ఇళ్లలోంచి లాక్కొచ్చి నరికారు. నాలుగు రోజుల్లో ఇంత జరిగింది. యుద్ధం 1861లో మొదలైందంటాం గానీ, కాన్సస్ జనాన్ని అడిగితే ఇంకోలా చెప్పేవాళ్లు.

1857లో, స్వేచ్ఛ కోరుతూ డ్రెడ్ స్కాట్ అనే బానిస వేసిన కేసులో సుప్రీంకోర్టు, కొత్త నేలల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం కాంగ్రెస్‌కే లేదంది. 1859లో హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారం మీద దాడి చేసి జాన్ బ్రౌన్ ఉరికంబమెక్కాడు. 1860 అధ్యక్ష ఎన్నికల్లో లింకన్ గెలిచారు, డిసెంబర్ 20న సౌత్ కరొలైనా విడిపోయింది.

అప్పుడు కూడా సెనేటర్ క్రిటెండెన్ ఆఖరి రాజీ తెచ్చారు. 1820 నాటి గీతను పసిఫిక్ సముద్రం దాకా పొడిగిద్దాం అన్నారు. లింకన్ మిగతా విషయాల్లో మెత్తబడ్డారు గానీ, బానిసత్వం కొత్త నేలకు పాకడానికి మాత్రం ససేమిరా అన్నారు. జార్జియాకు చెందిన పాత స్నేహితుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్‌కు డిసెంబర్ 22న ఉత్తరం రాస్తూ, బానిసత్వం సరైనది, విస్తరించాలి అని మీరంటారు, అది తప్పు, దానికి కట్టడి ఉండాలి అని మేమంటాం, చిక్కల్లా ఇక్కడే అన్నారు. రెండు నెలలు తిరక్కుండానే స్టీఫెన్స్ విడిపోయిన రాష్ట్రాల ఉపాధ్యక్షుడయ్యాడు. నల్లవాడు తెల్లవాడితో సమానం కాదన్న సత్యమే మా ప్రభుత్వానికి మూలరాయి అని సవానా సభలో బాహాటంగా ప్రకటించాడు. రాష్ట్రాల హక్కుల కోసమే యుద్ధం వచ్చిందనేవాళ్లు ముందు ఆ ప్రసంగం చదవాలి. 1861 ఏప్రిల్ 12న సౌత్ కరొలైనాలోని అమెరికా ప్రభుత్వ కోట ఫోర్ట్ సమ్టర్ మీద ఫిరంగులు పేలాయి, యుద్ధం మొదలైంది.

బర్న్స్ సంగతి చెప్పి ముగిస్తాను. రిచ్‌మండ్‌లో నాలుగు నెలలు సంకెళ్లతో జైల్లో పెట్టి, 905 డాలర్లకు అమ్మేశారు. మరుసటి ఏడాది బోస్టన్ జనం చందాలు వేసుకుని 1,300 డాలర్లు కట్టి విడిపించారు. ఒహాయోలోని ఓబర్లిన్‌లో చదువుకున్నాడు, కెనడాలో సెయింట్ కాథరీన్స్ అనే ఊళ్లో పాస్టర్ అయ్యాడు. 1862 జూలైలో, 28 ఏళ్లకే చనిపోయాడు. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి రావడానికి అప్పటికింకా ఐదు నెలలుంది.