కెర్నెల్ సంఖ్య వేరు, సిస్టమ్ సంఖ్య వేరు

సభకు నమస్కారం. కంప్యూటర్‌లో నడుస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ ఏ వెర్షనో కమాండ్ లైన్ ద్వారా తెలుసుకోవడం గురించి ఈ పూట మాట్లాడుకుందాం. ఇందుకు పనికొచ్చే కమాండ్లు కొన్నే. అయితే ఏ కమాండ్ దేని వెర్షన్ చెబుతుందన్న దగ్గరే చాలామంది తడబడుతుంటారు కాబట్టి, నేను ఎక్కువగా దాని గురించే చెబుతాను.

లినక్స్ సర్వర్‌లోకి లాగిన్ అవగానే 'యూనేమ్ హైఫన్ ఆర్' అని కొట్టడం అందరికీ అలవాటు. 6.8తో మొదలయ్యే సంఖ్య వచ్చిందనుకోండి. అది కెర్నెల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే సిస్టమ్ కేంద్ర భాగం, దాని వెర్షన్ మాత్రమే. ఉబుంటు 24.04 విడుదలైంది 6.8 కెర్నెల్‌తోనే, కానీ 2022లో 5.15 కెర్నెల్‌తో వచ్చిన ఉబుంటు 22.04కు కూడా, కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే అప్‌డేట్లలో భాగంగా తర్వాత అదే 6.8 అందింది. రెండు సర్వర్లూ ఒకే సంఖ్య చూపిస్తున్నా వాటిలోని లైబ్రరీలు వేరు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయే గడువులూ వేరు. ఒకదాని కోసం తయారైన ప్యాకేజీని రెండోదానిలో ఎక్కిస్తే చిక్కులు తప్పకపోవచ్చు.

డిస్ట్రిబ్యూషన్, అంటే ఉబుంటు, డెబియన్ లాంటి లినక్స్ రకం, ఏదో తెలియాలంటే ఈటీసీ డైరెక్టరీలో ఉన్న 'ఓఎస్ హైఫన్ రిలీజ్' అనే ఫైలును 'క్యాట్' కమాండ్‌తో చూడాలి. అందులో 'ప్రెట్టీ నేమ్' అన్న వరుస మనం చదువుకోవడానికి, 'వెర్షన్ ఐడీ' అన్న వరుస స్క్రిప్టులు చదవడానికి. పూర్వం రెడ్ హ్యాట్‌కు ఒక ఫైలు, డెబియన్‌కు మరో ఫైలు ఉండేవి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసే బృందం అందరికీ ఉమ్మడిగా ఈ ఫైలును ముందుకు తెచ్చాక ఆ వెతుకులాట చాలావరకు తప్పింది. నా దృష్టిలో ఇది చిన్న మేలు కాదు.

ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో ఉంచి నడిపే డాకర్‌ను వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఉబుంటు హోస్ట్ మీద, అంటే ఉబుంటు ఉన్న అసలు యంత్రం మీద, నడుస్తున్న డెబియన్ కంటైనర్‌లోకి వెళ్లి యూనేమ్ కొడితే హోస్ట్ కెర్నెలే కనిపిస్తుంది, ఎందుకంటే కంటైనర్‌కు సొంత కెర్నెల్ ఉండదు. అక్కడే ఓఎస్ రిలీజ్ ఫైలు చూస్తే డెబియన్ అని ఉంటుంది. రెండూ నిజమే.

మ్యాక్‌లో 'ఎస్‌డబ్ల్యూ అండర్‌స్కోర్ వెర్స్' చాలు. అక్కడ కూడా యూనేమ్ ఇచ్చేది మ్యాక్ ఓఎస్‌కు పునాది అయిన డార్విన్ కెర్నెల్ సంఖ్యే: మ్యాక్ ఓఎస్ 14 ఉన్న యంత్రంలో అది 23తో మొదలవుతుంది.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'వెర్' అని కొట్టాలి. విండోస్ 11లోనూ జవాబు 10.0తోనే మొదలవుతుంది కాబట్టి అక్కడితో చదవడం ఆపకూడదు. చూడవలసింది ఆ తర్వాత వచ్చే బిల్డ్ సంఖ్య. ఇళ్లలో, ఆఫీసుల్లో వాడే సాధారణ కంప్యూటర్లలో అది 22000 గానీ అంతకు మించి గానీ ఉంటే విండోస్ 11. 19045 అయితే విండోస్ 10 చివరి వెర్షన్. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది గనుక, ఆఫీసు కంప్యూటర్ల జాబితా తయారుచేసేవారు 10.0 అని మాత్రమే రాసుకుంటే, వెంటనే మార్చవలసిన యంత్రాలేవో ఆ జాబితాలో తెలియకుండా పోతాయి.