మాల్‌గ్రే-నూ: ఇష్టం లేకుండా తొడిగిన యూనిఫాం

అక్క: అందరికీ నమస్కారం. ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఒక యుద్ధ స్మారకం ఉంది. చనిపోతున్న ఇద్దరు కొడుకులను పట్టుకుని కూర్చున్న తల్లి. కొడుకులిద్దరికీ యూనిఫాం లేదు. కింద ‘మా మృతులకు’ అని మాత్రమే రాశారు.

తమ్ముడు: ఏ దేశం కోసం చనిపోయారో రాయలేదా అక్కా?

అక్క: ఎలా రాస్తార్రా? ఆ ఊరున్నది అల్సాస్ ప్రాంతంలో. దాన్ని 1871లో ఫ్రాన్స్ నుంచి జర్మనీ లాక్కుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్రాన్స్‌కి తిరిగొచ్చింది. 1940లో హిట్లర్ దాన్ని, పక్కనున్న మొజెల్ ప్రాంతంతో కలిపి మళ్లీ తీసేసుకున్నాడు.

తమ్ముడు: ఇల్లు కదలకుండానే దేశాలు మారిపోయాయన్నమాట.

అక్క: అవును. ఫ్రెంచ్ మాట్లాడకూడదు, పేర్లు కూడా జర్మన్‌లోకి మార్చుకోవాలి. స్వచ్ఛందంగా జర్మన్ సైన్యంలో చేరమంటే వచ్చినవాళ్లు చాలా తక్కువ. దాంతో 1942 ఆగస్టులో నిర్బంధంగా చేర్చుకోవడం మొదలుపెట్టారు. ఆక్రమించిన ప్రాంతం వాళ్లను సొంత దేశం మీదికి యుద్ధానికి పంపకూడదని 1907 హేగ్ ఒప్పందంలో ఉంది. ఎవరు పట్టించుకున్నారు? దాదాపు 1,30,000 మందిని తీసుకెళ్లారు. వాళ్లనే ‘మాల్‌గ్రే-నూ’ అంటారు, మాకు ఇష్టం లేకుండానే అని.

తమ్ముడు: స్విట్జర్లాండ్ పక్కనే కదా, పారిపోలేదా?

అక్క: పారిపోయినవాళ్లున్నారు. కానీ కొడుకు వెళ్లిపోతే అమ్మానాన్నలను జర్మనీకి తరలించేవాళ్లు. 1943 ఫిబ్రవరిలో బలెర్స్‌డోర్ఫ్ ఊరి కుర్రాళ్లు రాత్రిపూట సరిహద్దు వైపు బయల్దేరారు. కాల్పుల్లో కొందరు చనిపోయారు. పట్టుబడ్డవాళ్లను స్ట్రుట్‌హోఫ్ అనే నాజీ నిర్బంధ క్యాంపులో కాల్చేశారు. నేను పారిపోతే అమ్మ ఏమవుతుంది? ఇరవై ఏళ్లు కూడా నిండని పిల్లాడు దీనికి ఏం జవాబు చెప్పుకుంటాడు?

తమ్ముడు: వాళ్లను ఎక్కడికి పంపారు?

అక్క: ఎక్కువమందిని రష్యా వైపు. అవకాశం దొరగ్గానే కొందరు సోవియట్ సైన్యానికి లొంగిపోయారు. మేం ఫ్రెంచివాళ్లం అన్నారు. ఒంటి మీదున్నది మాత్రం జర్మన్ యూనిఫాం. తాంబోవ్ అనే సోవియట్ యుద్ధఖైదీల క్యాంపులో ఆకలికీ చలికీ జబ్బులకీ వేలమంది పోయారు. 1944లో 1,500 మందిని ఫ్రెంచి సైన్యంలో చేరడానికి వదిలారు. మిగతావాళ్లు యుద్ధం ముగిసేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. ఆఖరి మనిషి ఇల్లు చేరింది 1955లో.

తమ్ముడు: ఒరదూర్ సంగతి కూడా చెప్పాలి అక్కా.

అక్క: దాని గురించి మాట్లాడాలంటే నాకు గుండె బరువెక్కుతుంది. 1944 జూన్ 10న ఒరదూర్-సుర్-గ్లాన్ అనే ఫ్రెంచి పల్లెలో హిట్లర్ నాజీ పార్టీకి చెందిన ఎస్.ఎస్. సాయుధ దళం 640 మందికి పైగా చంపేసింది. ఆ దళంలో అల్సాస్ కుర్రాళ్లూ ఉన్నారు. 1953లో బోర్డోలో విచారణ జరిగింది. బోనులో నిలబడ్డ 14 మంది అల్సాస్‌వాళ్లలో 13 మంది బలవంతంగా చేర్చుకున్నవాళ్లే. శిక్షలు పడ్డాయి. అల్సాస్ అంతా భగ్గుమంది. కొద్ది రోజుల్లోనే పార్లమెంటు ఆ 13 మందికి క్షమాభిక్ష పెట్టింది.

తమ్ముడు: మరి ఒరదూర్ వాళ్లు?

అక్క: ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని తిరిగి ఇచ్చేశారు. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు ఆ ఊళ్లోనూ ఉన్నారు, అల్సాస్‌లోనూ ఉన్నారు. బలవంతంగా తీసుకెళ్లారు నిజమే, కానీ ఆ రోజు అక్కడ చనిపోయిన పసిపిల్లల ముందు నిలబడి ఆ మాట నేను అనలేను. ఒరదూర్ వాళ్ల కోపం నాకు పూర్తిగా అర్థమవుతుందిరా.