కఫీల్ సంతకం ఎలా పోయింది? ఖతార్‌ను లెక్క అడిగిన ఐఎల్‌ఓ

[స్క్రీన్ మీద: దోహా ఎయిర్‌పోర్ట్, ఇమిగ్రేషన్ కౌంటర్ ముందు క్యూ]

2013 అనుకుందాం. జగిత్యాల దగ్గరి ఊరి నుంచి దోహా వెళ్లిన ఒక తాపీ మేస్త్రీ. తెల్లవారుజామున ఇంటి నుంచి ఫోన్. అమ్మ పోయింది. టికెట్‌కి డబ్బులు తోటివాళ్లు పోగుచేసి ఇచ్చారు. అయినా ఆయన విమానం ఎక్కలేడు. ఎందుకంటే కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. ఆ కఫీల్ ఊళ్లో లేకపోతే? ఉన్నా ఒప్పుకోకపోతే? అంత్యక్రియలు ఆగవు కదా.

వేరే కంపెనీలో చేరాలన్నా ఇదే గొడవ. పాత యజమాని ఎన్‌ఓసీ, అంటే 'నాకు అభ్యంతరం లేదు' అనే కాగితం, ఇవ్వాలి. చెప్పకుండా బయటికొస్తే మనవాళ్ల భాషలో 'ఖల్లివల్లి', అంటే చట్టవిరుద్ధంగా ఉంటున్నవాడు, అయిపోయినట్టే.

ఇదంతా ఖతార్ చట్టం. వాళ్ల దేశం, వాళ్ల ఉద్యోగాలు. మధ్యలో బయటివాళ్లు వచ్చి "ఇది మార్చండి" అనొచ్చా?

[స్క్రీన్ మీద: జెనీవా, ఐఎల్‌ఓ భవనం]

అనొచ్చు. కానీ ఒక మెలిక ఉంది. ఐఎల్‌ఓ, అంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ, 1919లో పుట్టింది. మిగతా అంతర్జాతీయ సంస్థల్లో ప్రభుత్వాలే కూర్చుంటాయి, ఇక్కడ యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు కూడా ఓటు వేస్తారు. ఈ సంస్థకు పోలీసులు లేరు, జైలు లేదు, జరిమానా రాసే రసీదు పుస్తకం కూడా లేదు. ఒక దేశం తనంతట తాను ఒప్పందం మీద సంతకం పెడితేనే, "మరి మాట ఇచ్చారుగా, ఏమైంది?" అని గట్టిగా నిలదీయగలదు. వెట్టిచాకిరీ చేయించబోమని చెప్పే 29వ నంబర్ ఒప్పందాన్ని ఖతార్ 1998లోనే ఆమోదించింది. దొరికింది అక్కడే.

2014 జూన్‌లో, జెనీవా వార్షిక సమావేశంలో కార్మికుల ప్రతినిధులు కొందరు ఐఎల్‌ఓ రాజ్యాంగం 26వ అధికరణం కింద ఖతార్ మీద ఫిర్యాదు పెట్టారు. ఆ దారి చివర్లో ఉండేది విచారణ కమిషన్. అది ఊరికే వేసేది కాదు, వందేళ్ల చరిత్రలో వేసినవి చాలా తక్కువ. అప్పటికే 2022 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఖతార్‌కి ఖాయమై నాలుగేళ్లు కావస్తోంది. స్టేడియాలు లేస్తున్నాయి, ప్రపంచం కెమెరాలు పట్టుకుని చూస్తోంది. నన్నడిగితే ఐఎల్‌ఓకి లేని లాఠీ అదే. ప్రపంచ కప్ లేకపోతే ఈ ఫైలు ఎన్నేళ్లు నానేదో.

మూడేళ్ల పాటు కమిషన్ వేయాలా వద్దా అని వాయిదాలు. 2017 నవంబర్‌లో ఫిర్యాదు మూసేశారు. బదులుగా ఖతార్ ఒక పనుల జాబితా ఒప్పుకుంది. 2018లో దోహాలోనే ఐఎల్‌ఓ ఆఫీసు తెరుచుకుంది. అదే ఏడాది చాలామంది కార్మికులకు ఎగ్జిట్ పర్మిట్ అవసరం పోయింది. 2020 జనవరిలో ఇళ్లలో పనిచేసేవాళ్లకూ పోయింది. అదే ఏడాది ఎన్‌ఓసీ కూడా పోయింది.

[స్క్రీన్ మీద: నల్లటి చిన్న గోళం ఉన్న పరికరం, దగ్గరగా]

నాకు బాగా నచ్చింది మాత్రం ఎండలో పనికి ఖతార్ పెట్టిన నిబంధన, దాన్ని కొలిచే ఈ పరికరం. మామూలు థర్మామీటర్ ఎండ సంగతి చెబుతుంది, ఉక్కపోత సంగతి చెప్పదు. రామగుండంలో 44 డిగ్రీలున్నా గాలి పొడిగా ఉంటే చెమట ఆరుతుంది, ఒళ్లు చల్లబడుతుంది. దోహాలో సముద్రపు తేమకు చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. అందుకే ఈ పరికరంలో ఒక థర్మామీటర్‌కి తడి వత్తి చుడతారు, ఇంకొకటి ఎండ వేడిని పట్టే నల్ల గోళంలో ఉంటుంది. అన్నీ కలిపి ఒక సంఖ్య వస్తుంది, అందులో తడి వత్తిదే పెద్ద వాటా. 2021 నిబంధన ప్రకారం ఆ సంఖ్య 32.1 దాటితే బయట పని ఆపాల్సిందే, గంట ఎంతైనా సరే. అది కాక జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా ఎండలో పని బంద్.

అంతా బాగుపడిందా? లేదు. రెసిడెన్స్ పర్మిట్ రెన్యువల్ ఇప్పటికీ యజమాని చేతిలోనే. ఉద్యోగం మారతానంటే 'పారిపోయాడు' అని కేసు పెట్టే కంపెనీలున్నాయి. వలస కార్మికులు యూనియన్ పెట్టుకునే హక్కు లేదు. దళారీకి కట్టడానికి చేసిన అప్పు సంగతి సరేసరి.

[స్క్రీన్ మీద: రెండు అంకెలు పక్కపక్కనే. 275, 200]

ఇక మన సంగతి. 2020 ఆగస్టు చివర్లో ఖతార్ కనీస వేతన చట్టం ప్రకటించింది. నెలకు 1000 రియాల్స్, తిండి, వసతి ఇవ్వకపోతే వాటికి వేరే 800. వెయ్యి రియాల్స్ అంటే దాదాపు 275 డాలర్లు. సరిగ్గా ఆ సెప్టెంబర్‌లోనే ఢిల్లీ నుంచి సర్క్యులర్లు వచ్చాయి. గల్ఫ్‌కి వెళ్లే భారతీయ కార్మికులకు మన ప్రభుత్వం పెట్టే కనీస రెఫరల్ వేతనం, అంటే ఇంతకన్నా తక్కువ జీతానికి పంపకూడదనే హద్దు, తగ్గించారు. ఖతార్‌కి ఎంతో తెలుసా? 200 డాలర్లు. జెనీవా ఒత్తిడికి ఖతార్ పైకి ఎక్కుతుంటే, మనవాళ్ల రేటు మనమే దించాం. తక్కువ జీతానికైతే ఉద్యోగాలు పోవని అప్పటి వాదన.

దీని మీద తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జులైలో కేంద్రం పాత వేతనాలనే మళ్లీ తెచ్చింది.