రిమోట్ మీద మన బటన్ ఏది?

శ్రోతలకు నమస్కారం.

సాయంత్రం ఆరున్నర అయ్యేసరికి విశాఖ అక్కయ్యపాలెంలోని మా ఇంట్లో ఒక కేక వినిపిస్తుంది. "బాబూ, ఇది మళ్లీ డబ్బులడుగుతోంది, ఏటిది?" కేక మా అత్తగారిది. డబ్బులడిగేది టీవీ.

దేవుడి దగ్గర దీపం పెట్టి ఆవిడ రిమోట్ అందుకుంటారు. కావలసినవి రెండే. యూట్యూబ్‌లో ఒక గంట ప్రవచనం, ఆ తర్వాత ఒక తెలుగు సీరియల్. కళ్లజోడు ఎక్కడో ఉంటుంది. వేలు తడుముకుంటూ వెళ్లి ఒక రంగు బటన్ మీద వాలుతుంది. వెంటనే తెర మారిపోయి, నెలకి ఇంత, ఏడాదికి ఇంత అని ఒక పట్టిక ప్రత్యక్షమవుతుంది. ఆ యాప్‌కి మేం ఎప్పుడూ చందా కట్టలేదు, కట్టే ఆలోచనా లేదు. అయినా మా ఇంటి రిమోట్ మీద దానికి సొంత బటన్ ఉంది. ఆవిడ రోజూ చూసే యూట్యూబ్‌కి లేదు.

ఎందుకంటే ఆ బటన్ పెట్టింది మన కోసం కాదు. అదొక ప్రకటన. 2011 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, తన పేరుతో ఒక బటన్ రిమోట్ల మీదికి వస్తోందని అమెరికాలో ప్రకటించింది. తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. రిమోట్ మీద జాగా కోసం యాప్ కంపెనీలు పరికరాలు తయారుచేసేవాళ్లకి డబ్బు చెల్లిస్తుంటాయి. మన జగదాంబ జంక్షన్‌లో హోర్డింగ్ అద్దెకి తీసుకున్నట్టే. కాకపోతే ఆ హోర్డింగ్‌ని మనం డబ్బు పెట్టి కొని ఇంటికి తెచ్చుకోం.

అచ్చేసిన పేరుతో ఇంకో తంటా ఉంది. 2025 ఫిబ్రవరిలో జియోసినిమా, డిస్నీ ప్లస్ హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. తెర మీద పేరు మారింది గానీ రిమోట్ మీది రబ్బరు ముక్కకి ఆ కబురు అందలేదు. పాత పేరు మోస్తున్న రిమోట్లు ఇంకా ఇళ్లలో ఉన్నాయి. ఇక ఆహా, ఈటీవీ విన్ లాంటి మన తెలుగు యాప్‌లకి బటనున్న రిమోట్ నా చేతికైతే ఇంతవరకూ తగల్లేదు.

కారులో ఈ ప్రసంగం వింటున్నవాళ్లు ఒకసారి ఆ రేడియో వంక చూడండి. బండి ఆపి ఉంటేనే సుమా. చాలా వాటికి ఒకటి, రెండు, మూడు అని అంకెల బటన్లుంటాయి. వాటి మీద ఏ స్టేషన్ పేరూ ఉండదు. నచ్చిన స్టేషన్ పెట్టి బటన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే కుయ్ మంటుంది. అప్పటినుంచి ఆ బటన్ మీది. బీచ్ రోడ్డులో వెళ్తూ కళ్లు తిప్పకుండా మన స్టేషన్‌కి రావచ్చు. కారు రేడియోకి ఏనాడో ఉన్న ఈ బుద్ధి టీవీ రిమోట్‌కి ఆలస్యంగా వచ్చింది, అదీ కొన్నిటికే.

వెబ్‌ఓఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఎల్‌జీ టీవీల్లో, అంకెలున్న రిమోట్ అయితే, అచ్చం ఈ పద్ధతే ఉంటుంది. యాప్ తెరిచి ఉంచి, ఖాళీగా ఉన్న అంకెని నొక్కి పట్టుకుంటే, దీన్ని ఇక్కడ పెట్టమంటారా అని అడుగుతుంది. ఆ టీవీ ఇంట్లో ఉండి కూడా ఈ సంగతి తెలియనివాళ్లు నాకు చాలామంది తగిలారు. అమెజాన్ తన ఫైర్ టీవీ పరికరాల కోసం 2022లో తెచ్చిన ప్రో రిమోట్‌లో ఒకటి, రెండు అని రెండు ఖాళీ బటన్లున్నాయి. గూగుల్ 2024లో తెచ్చిన టీవీ స్ట్రీమర్ అనే బాక్సు రిమోట్ మీద నక్షత్రం గుర్తు బటన్‌ని మనకి నచ్చిన యాప్‌కి పెట్టుకోవచ్చు. యాప్‌ల కోసం టీవీ వెనక తగిలించే మామూలు స్టిక్‌లతో వచ్చే రిమోట్లలో మాత్రం సాధారణంగా ఈ సదుపాయం ఉండదు. మాది ఆ మామూలు రకమే.

నిజానికి బటన్‌కి తన మీద ఏ పేరుందో తెలియదు. అది ఒక సంకేతం పంపుతుంది, అంతే. దాన్ని అందుకుని ఏం చెయ్యాలో తేల్చేది టీవీకి తగిలించిన స్టిక్కో, బాక్సో. సర్దుబాటు చెయ్యాల్సింది అక్కడే. ఆండ్రాయిడ్ టీవీ బాక్సులకి బటన్ మ్యాపర్ అనే యాప్ ఉంది. ఏ బటన్ నొక్కితే ఏది తెరుచుకోవాలో దానికి చెప్పవచ్చు. కొన్ని బాక్సుల్లో కంపెనీ బటన్ సంకేతం ఆ యాప్ దాకా రానే రాదు, అప్పుడు అదీ ఏమీ చెయ్యలేదు. ఇంకో మాట. ఇలాంటి యాప్‌లు యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతాయి. అది ఇస్తే మన నొక్కులన్నీ, కొన్నిసార్లు తెర మీదున్నవి కూడా, ఆ యాప్‌కి కనిపిస్తాయి. ఇంటి తాళం చెవి ఇచ్చినట్టే. కాబట్టి అధికారిక స్టోర్‌లో దొరికేది తప్ప, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు ఎక్కించుకోకండి.

మా అబ్బాయి ఓ ఆదివారం ఈ ప్రయోగాలన్నీ మొదలుపెట్టాడు. ఏదో నొక్కబోయి వెనక్కి బటనూ, మూడు గీతల మెనూ బటనూ కలిపి పట్టుకున్నాడు. టీవీ మాట్లాడటం మొదలుపెట్టింది. ఏ బొమ్మ మీదికెళ్తే దాని పేరు ఇంగ్లీషులో చదువుతోంది. అత్తగారు చేతులు జోడించారు. భక్తితోనో భయంతోనో నాకు తెలియదు. చూపులేనివారి కోసం పెట్టిన సదుపాయం అది. మా స్టిక్‌లో ఆ రెండు బటన్లే మళ్లీ రెండు సెకన్లు కలిపి నొక్కితే ఆగిపోతుంది. మాకు ఆ సంగతి తెలిసేసరికి రాత్రి భోజనాలయ్యాయి.

చివరికి మాకు పనికొచ్చినవి చిన్న పనులు. హోమ్ తెర మీద యాప్‌ల వరుసలో యూట్యూబ్‌ని మొదటికి జరిపాం. కొన్నిట్లో యాప్ మీద నిలబడి మెనూ బటన్, కొన్నిట్లో మధ్య బటన్ నొక్కి పట్టుకుంటే, జరపమంటారా అని అడుగుతుంది. ఇప్పుడు ఎక్కడ దారి తప్పినా హోమ్ నొక్కితే చాలు, అక్కణ్ణుంచి రెండు మూడు నొక్కులు. మైకు బటన్ పట్టుకుని "యూట్యూబ్" అనడం కూడా ఆవిడకి నేర్పాం. మనవడి కన్నా అదే నయం, ఒక్కసారి చెబితే వింటుందని మెచ్చుకున్నారు.

మరి ఆ డబ్బులడిగే బటన్ సంగతి? దాన్ని మరమ్మతుల కుర్రాడికి అప్పగించాం. రిమోట్ విప్పితే లోపల ఒక రబ్బరు పరుపు ఉంటుంది. ప్రతి బటన్ అడుగున చిన్న నల్ల బిళ్ల ఉంటుంది. నొక్కినప్పుడు అది కింది పలక మీది రెండు గీతల్నీ కలుపుతుంది. ఆ చోట చిన్న ప్లాస్టిక్ టేపు ముక్క అంటించాడు. ఇక ఎంత నొక్కినా పలకదు. వారంటీ ఉన్న రిమోట్‌కి ఈ వైద్యం చేయించకండి. పనిలో పనిగా సెల్లు పెట్టే చోట స్ప్రింగు పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి ఇచ్చాడు. సముద్రం ఊరు కదా, ఇక్కడ ఇనుము, ఇత్తడి ఎంతకాలం మెరుస్తాయి.

హోమ్ బటన్ చీకట్లో చేతికి తెలియాలంటే ఏం చెయ్యాలా అని నేనూ, మా అబ్బాయీ ఆలోచిస్తుంటే, అత్తగారు అద్దం దగ్గరికెళ్లి ఒక బొట్టుబిళ్ల తెచ్చి దాని మీద అంటించారు. కాస్త ఉబ్బెత్తుగా, రాయి పొదిగినది. మన ఉక్కపోతకి జిగురు ఆగదు కాబట్టి వారం వారం కొత్తది పెడతారు. ప్రస్తుతం ఆకుపచ్చది ఉంది.

నమస్కారం.