ఎత్తుగా ఉన్న రాయి

అందరికీ నమస్కారం.

బెంగళూరులో మారతహళ్ళి నుంచి, కె.ఆర్.పురం నుంచి, అటు ఎలక్ట్రానిక్ సిటీ నుంచి కూడా ఆదివారం పొద్దున్నే ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది. ఇందాక టీ తాగుతుంటే ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, "మీరు గేముల్లో పనిచేస్తారట కదా, మావాడు ఫోన్ వదలడం లేదు, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఆ విషయం ఇంకో రోజు మాట్లాడుకుందాం. ఈ రోజు ఒకే ఒక గేములో ఒకే ఒక లెవెల్ గురించి చెప్పాలని వచ్చాను. నేను లెవెల్ డిజైనర్‌ని. గేములో మీరు నడిచే గదులు, మెట్లు, తలుపులు, ఉచ్చులు ఎక్కడ ఉండాలో నిర్ణయించే పని నాది. నన్ను ఈ పనిలోకి తీసుకొచ్చింది ఆ లెవెలే.

గేము పేరు డార్క్ సోల్స్. జపాన్ కంపెనీ ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ తయారుచేసింది. 2011 సెప్టెంబరులో అక్కడ విడుదలైంది, మరుసటి ఏడాది ఆగస్టులో పీసీకి వచ్చింది. కత్తీ డాలూ పట్టుకుని శిథిలమైన రాజ్యంలో తిరిగే కథ. యూరప్‌లో దీనికి 16 ఏళ్ళు దాటినవాళ్ళకని రేటింగ్ ఇచ్చారు. కాబట్టి చిన్నపిల్లలు ఈ రోజుకి వింటే చాలు.

గేము తెలియనివాళ్ళ కోసం నియమాలు క్లుప్తంగా చెబుతాను. దారిలో అక్కడక్కడ బాన్‌ఫైర్లు, అంటే నెగళ్ళు ఉంటాయి. అక్కడ కూర్చుంటే ప్రాణం నిండుతుంది, గాయాలు మాన్పే మందు సీసా నిండుతుంది. కానీ చంపిన శత్రువులు మళ్ళీ లేస్తారు. మీరు చచ్చిపోతే చివరగా కూర్చున్న బాన్‌ఫైర్ దగ్గర లేస్తారు. అప్పటిదాకా సంపాదించిన సోల్స్ అన్నీ చచ్చిన చోటే పడి ఉంటాయి. తిరిగి అక్కడిదాకా వెళ్ళి తెచ్చుకోవాలి. మధ్యలో ఇంకోసారి చచ్చారా, అవి ఇక దొరకవు. డబ్బు, అనుభవం రెండూ ఆ సోల్సే కాబట్టి ఆ నడకలో ఉండే టెన్షన్ మామూలుగా ఉండదు.

నేను చెప్పబోయే లెవెల్ సెన్స్ ఫోర్ట్రెస్. రెండు గంటలు మోగిస్తే గాని దాని గేటు తెరుచుకోదు. ఒక గంట పాడుబడ్డ చర్చి మీద ఉంటుంది, రెండోది విషపు బురద వాడకి అడుగున. గేటు దాటాక కోట మొత్తం ఉచ్చులే. పైకప్పు చేరేదాకా లోపల ఒక్క బాన్‌ఫైర్ కూడా లేదు. చచ్చిన ప్రతిసారీ బయట కమ్మరి దగ్గరున్న బాన్‌ఫైర్ నుంచి మళ్ళీ నడవాలి.

నేను అది ఆడింది 2013లో, మారతహళ్ళి లేడీస్ పీజీలో. మా ధర్మవరం నుంచి వచ్చి ఏడాది కాలేదు. పగలంతా ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, రాత్రి ఇనుప మంచం మీద లాప్‌టాప్. ఆ గేము కీబోర్డుతో ఆడటం నరకం, అందుకని ఎస్‌పీ రోడ్డుకి పోయి ఒక కంట్రోలర్ కొనుక్కున్నాను. నా రూమ్‌మేట్ ఒంగోలు అక్క, నర్సు. నైట్ డ్యూటీ లేని రోజుల్లో పక్క మంచం మీద కూర్చుని, పెరుగన్నం తింటూ నా ఆట చూసేది. ఆమె ఎప్పుడూ కంట్రోలర్ ముట్టుకోలేదు. అయినా ఆ కోట దాటింది మేమిద్దరం కలిసే.

మొదటి గది చెబుతాను. గేటు దాటి నాలుగడుగులు వేస్తే ఎదురుగా ఇద్దరు పాముతల మనుషులు కత్తులతో వస్తారు. వాళ్ళను చూసి నేను ముందుకు ఉరికాను. కాలి కింద ఏదో నొక్కుకుంది, ఎదురు గోడలోంచి బాణాలు వచ్చి ఛాతీకి తగిలాయి, ఆ తడబాటులో పాములు నరికేశాయి. రెండోసారీ అంతే. మూడోసారి అక్క అడిగింది, "ఆ నేల మీద ఒక్క రాయి మాత్రం ఎత్తుగా ఉందేంటే?"

ఉంది. చుట్టూ రాళ్ళన్నీ సమంగా పరిచి ఉంటే, అదొక్కటి ఎత్తుగా ఉంది. ఎదుటి గోడలో బాణాలు వచ్చే కంతలూ కనిపిస్తూనే ఉన్నాయి. నాలుగోసారి నేను పాములను నా వైపు రానిచ్చి, రాయి తొక్కి పక్కకు తప్పుకున్నాను. ఆ బాణాలు వెళ్ళి పాముల వీపుల్లో దిగాయి.

నాకు ఆ క్షణం ఇప్పటికీ ఒళ్ళంతా గుర్తుంది. ఈ కోట తన కథంతా మొదటి గదిలోనే చెప్పేసింది. ఇక్కడ ఉచ్చులున్నాయి. అవి కంటికి కనిపిస్తాయి. అవి ఎవరి పక్షమూ కాదు, శత్రువులనూ చంపుతాయి. ఇక పైకప్పు దాకా వచ్చేవన్నీ ఈ మూడు మాటల మీదే కట్టినవి.

రెండోది వంతెన. మనిషి పట్టేంత సన్నటి రాతి దారి, దానికి అడ్డంగా ఊగుతున్న పెద్ద పెద్ద కత్తులు. అవతలి నుంచి ఒక పాము మంత్రగాడు మెరుపులు విసురుతుంటాడు. జారితే కింద బురద గుంట, అందులో తలలేని రాక్షసులు, కాలు సాగదు. అక్కడి నుంచి బతికి బయటపడే దారి ఉంది గానీ, దాన్ని గురించి చెప్పుకోవలసింది ఎక్కువ లేదు.

ఈ వంతెన నాకు రెండు రాత్రులు పట్టింది. కత్తి పక్కకు పోగానే పరుగెత్తేదాన్ని, ఇంకోటి వచ్చి కొట్టేది. చివరికి నాకు దారి చూపింది మా ఊరి తాడాట. ఇద్దరు చెరో కొసా పట్టుకుని తాడు తిప్పుతుంటే మూడో పిల్ల మధ్యలోకి దూరాలి, గుర్తుందా? ఇక్కడున్న అక్కలందరూ ఆడే ఉంటారు. తాడు పైకి లేచాక దూరుదామనుకుంటే ఆలస్యమైపోతుంది, మొహానికి తగులుతుంది. తాడు మన ముందునుంచి దాటుతుండగానే అడుగు పడాలి. దూరే ముందు తలాడిస్తూ లెక్క పెట్టుకుంటాం. కత్తులూ అంతే. అది నా ముందునుంచి దాటుతున్నప్పుడే కదలాలి, పూర్తిగా అవతలికి పోయేదాకా ఆగకూడదు. నేను మంచం మీద కూర్చుని తలాడిస్తూ లెక్క పెట్టాను. వంతెన దాటేశాను.

కత్తులు ఎప్పుడూ ఒకే వేగంతో ఊగుతాయి. నేను భయపడ్డానని తొందరపడవు, పదిసార్లు చచ్చానని జాలిపడి నెమ్మదించవు. ఏవో నియమాలు పెట్టుకున్నాక వాటికి కట్టుబడి ఉండటం లెవెల్ కట్టేవాళ్ళ ధర్మం అని నేను నమ్ముతాను. కత్తి ఒక్కసారి లయ తప్పి ఊగినా ఆడేవాళ్ళు నేర్చుకున్నదంతా వృథా అయిపోతుంది.

ఇక్కడ నాకు మయసభ గుర్తుకొస్తుంది. దుర్యోధనుడు నీళ్ళనుకుని బట్టలు పైకెత్తి పట్టుకుంటే అది నేల. నేలనుకుని అడుగేస్తే అది మడుగు. మయుడు గొప్ప శిల్పి, సందేహం లేదు. కానీ ఆ సభలో ఎంత శ్రద్ధగా చూసినా లాభం లేదు, ఎందుకంటే చూపునే మోసం చేయడానికి కట్టాడు. అక్కడ పడ్డవాడికి మిగిలేది అవమానం. ఆ అవమానం ఎక్కడిదాకా పోయిందో మనందరికీ తెలుసు. గోల్కొండ కోట వేరే రకం. ఫతే దర్వాజా తలుపులకు ఏనుగులు కుమ్మకుండా ఇనుప ముళ్ళు దిగ్గొట్టారు, బాలాహిస్సార్ ద్వారానికి ఎదురుగా అడ్డగోడ లేపారు. అక్కడ దాచిందేమీ లేదు. ఎదురుగా చూపించే ఆపుతుంది. సెన్స్ ఫోర్ట్రెస్ నా లెక్కలో గోల్కొండ జాతి.

వంతెన తర్వాత వాలు దారి. పైనుంచి మనిషికి రెండింతల గుండ్రాళ్ళు దొర్లుకుంటూ వస్తాయి. రాయికీ రాయికీ మధ్య వ్యవధి ఎప్పుడూ ఒకటే, పక్క గోడల్లో నిలబడడానికి గూళ్ళు ఉన్నాయి. పాములు కూడా ఆ రాళ్ళ కింద పడి నలిగిపోతాయి. ఒకచోట మీట తిప్పితే రాళ్ళు దొర్లే దారే మారిపోతుంది. పైకి వెళ్ళాక చూస్తే ఆ రాళ్ళను ఎత్తి పెడుతున్న ఒక రాక్షసకాయుడు కనిపిస్తాడు. వాడిని చంపితే రాళ్ళు ఆగిపోతాయి. ఇన్నాళ్ళూ యంత్రం అనుకున్నదాని వెనక ఒక జీవి ఉందని తెలిసినప్పుడు నాకు కొంచెం బాధనిపించింది కూడా.

ఇప్పుడు పెట్టె సంగతి. అన్ని గేముల్లోలాగే ఇందులోనూ పెట్టెలు తెరిస్తే మంచి వస్తువులుంటాయి. ఇక్కడొక పెట్టె తెరవబోతే అదే నోరు తెరిచి మనిషిని నమిలేస్తుంది. దాన్ని మిమిక్ అంటారు. ఇది మయసభ కాదా అని మీరు అడగవచ్చు. నేనూ చాలా కాలం అలాగే అనుకున్నాను. కానీ పెట్టె పక్కన ఉన్న గొలుసు చూడండి. మామూలు పెట్టెకి పడి ఉన్నట్టు దీనికి పడి ఉండదు. కాసేపు నిలబడి చూస్తే పెట్టె ఊపిరి తీస్తుంది. అనుమానం వస్తే ముందు ఒక దెబ్బ వేసి చూడవచ్చు. దాన్ని చంపితే మెరుపుల బల్లెం దొరుకుతుంది. అబద్ధం కాదు గానీ, చాలా చిన్న అక్షరాల్లో రాసిన నిజం. నేనైతే ఆ గొలుసు మీద ఇంకాస్త వెలుతురు పడనిచ్చేదాన్ని.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది లిఫ్టు. రాతి పలక మీద నిలబడితే అది పైకి తీసుకుపోతుంది. అప్పటికి మందు సీసాలో ఒక్క గుక్కే మిగిలింది, సోల్స్ బాగా పోగయ్యాయి, నాకు ఎక్కెయ్యాలని తొందర. పలక మీదికి అడుగేయబోతుంటే అక్క కేకేసింది. "ఆగవే! ఆ రాయి మీద మరక చూడు. అది రక్తం. ఎండిన రక్తం అలాగే ఉంటుంది, నేను రోజూ చూస్తాను."

అప్పుడు తలెత్తి చూశాను. పైన చీకట్లో ఇనుప మేకులు. ఆ పలక పై అంతస్తు దగ్గర ఆగదు, మేకుల దాకా పోయి నొక్కేస్తుంది. పై అంతస్తు రాగానే దిగిపోవాలి. అక్కడ ఒక్క అక్షరం రాసి లేదు, ఎవరూ చెప్పరు. ఇంతకుముందు ఎక్కినవాళ్ళ రక్తమే చెబుతుంది. మా అక్క ఆస్పత్రిలో రోజూ చేసే పనే ఆ రాత్రి నన్ను బతికించింది.

పైకప్పు మీద ఇంకో రాక్షసకాయుడు నిప్పు బాంబులు విసురుతుంటాడు. ఆ గందరగోళంలో పరుగెత్తుతాం కాబట్టే చాలామంది అక్కడున్న ఏకైక బాన్‌ఫైర్‌ని చూడకుండా దాటిపోతారు. పిట్టగోడ ఒకచోట తెగి ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దూకితే చిన్న వసారా, అందులో బాన్‌ఫైర్. నాకైతే అది దానంతట అది కనిపించలేదు. ఆ తెగిన చోట నేల మీద ఎవరో ఆటగాడు రాసిన వాక్యం మెరుస్తూ ఉంది. ఈ గేములో సొంత మాటలు రాయడానికి వీల్లేదు. ఇచ్చిన కొన్ని పదాలతోనే వాక్యం కూర్చి నేల మీద వదలాలి, అది వేరేవాళ్ళ ఆటలో కనిపిస్తుంది. ఎవరు రాశారో తెలియదు. ఏ దేశంవాళ్ళో తెలియదు.

దీన్ని తీర్చిదిద్దిన డైరెక్టర్ హిదెతాకా మియాజాకి ముఖం తెలియనివాళ్ళు ఇలా సాయపడే ఆలోచన తనకెలా వచ్చిందో ఇంటర్వ్యూల్లో చెప్పారు. మంచు పడుతున్న రోజు ఒక ఎత్తుదారిలో కార్లన్నీ జారిపోతూ ఇరుక్కుపోయాయట. వెనకున్న కారు ముందున్న కారును నెట్టింది, అలా ఒకరినొకరు నెట్టుకుంటూ ఎక్కారు. ఈయన ఆగి థ్యాంక్స్ చెప్పాలనుకున్నారు. ఆగితే తానూ మళ్ళీ ఇరుక్కుంటారు. అలా ముఖం కూడా చూడకుండా సాయం చేసి వెళ్ళిపోయినవాళ్ళను ఆయన తన గేముల్లోకి తెచ్చారు.

ఈ హాల్లో సగం మంది ఐటీవాళ్ళే కాబట్టి ఇంకో సంగతి. మియాజాకి కూడా మొదట ఒరాకిల్‌లో ఉద్యోగం చేసినవారే. జీతం బాగా తగ్గుతుందని తెలిసీ 2004లో, 29 ఏళ్ళ వయసులో ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్‌లో చేరారు. పదేళ్ళకు ఆ కంపెనీకే ప్రెసిడెంట్ అయ్యారు. చిన్నప్పుడు తనకు పూర్తిగా అర్థం కాని పుస్తకాలు లైబ్రరీలో తెచ్చుకుని, తెలియని చోట్లు సొంత ఊహతో నింపుకుంటూ చదివేవారట. ఆయన గేముల్లో ఎవరూ ఏదీ విడమరిచి చెప్పకపోవడానికి మూలం అక్కడుందని నాకనిపిస్తుంది.

కోట చివర ఐరన్ గోలెమ్ అనే బాస్, అంటే లెవెల్ చివర కాచుకుని ఉండే పెద్ద శత్రువు ఉంటాడు. కాళ్ళ మీద కొడుతూ ఉంటే తూలతాడు, అంచు దగ్గర తూలితే కోట మీది నుంచి పడిపోతాడు. నిజం చెప్పాలంటే ఆ దారి అంతటి తర్వాత వాడు పెద్ద కష్టమేమీ కాదు. మేము గెలిచినప్పుడు రాత్రి రెండు దాటింది. అక్క నన్ను పట్టుకుని గెంతితే పక్క గదివాళ్ళు తలుపు కొట్టారు.

ఆ తర్వాత రెండేళ్ళకు టెస్టింగ్ ఉద్యోగం వదిలి ఈ పనిలోకి వచ్చాను. ఇప్పుడు నేను కట్టిన లెవెల్‌ని కొత్తవాళ్ళతో ఆడించి చూసేటప్పుడు, స్క్రీన్ కంటే వాళ్ళ మాట మీదే నా ధ్యాస ఉంటుంది. చచ్చిపోగానే "అరె, కనబడుతూనే ఉంది కదా!" అంటే ఆ ఉచ్చును అలాగే ఉంచుతాను. "ఇదెక్కణ్ణించి వచ్చింది?" అంటే ఆ రాత్రికి ఆ గది కూలగొట్టి మళ్ళీ కడతాను. మొన్న ఒక గదిని ఏడుసార్లు కూలగొట్టి మళ్ళీ కట్టాను. ఎనిమిదోసారి ఆడినమ్మాయి చచ్చిపోయి, నవ్వి, ఏమీ మాట్లాడకుండా మళ్ళీ స్టార్ట్ నొక్కింది. ఆ రోజు ఇంటికి వెళ్తూ ఒంగోలు అక్కకు ఫోన్ చేశాను.

వెనక బల్ల మీద లాప్‌టాప్, కంట్రోలర్ పెట్టాను. గేము కోట గేటు ముందు ఆపి ఉంచాను, మొదటి గది ఇంకా దాటలేదు. పదహారు దాటినవాళ్ళెవరైనా ఆడవచ్చు. మిగతావాళ్ళు, ముఖ్యంగా గేములంటే తెలియదన్న అమ్మలు, దయచేసి పక్కన కూర్చుని నేల వైపు చూస్తూ ఉండండి. ఎవరు ముందు వస్తారు?