బైపీసీ గదిలో దాక్కున్న లెక్కలు

అధ్యాపక మిత్రులకు నమస్కారం.

నేను గణితం చెప్పి రిటైరైనవాడిని. అయినా ఈరోజు నా మాటలు గణితం వాళ్లకు కాదు; రసాయనశాస్త్రం, జంతుశాస్త్రం, అర్థశాస్త్రం చెప్పేవారికి. "లెక్కల పీడ విరగడైంది" అనుకుని బైపీసీలోనో సీఈసీలోనో చేరే పిల్లలు మన నెల్లూరులో ఏటా ఎందరో. ఆ పీడ ఎక్కడికీ పోలేదు. వేషం మార్చుకుని పక్క గదిలో కూర్చుంది.

హార్డీ-వైన్‌బర్గ్ సూత్రమే చూడండి. 1908లో దాన్ని విడివిడిగా చెప్పిన ఇద్దరిలో హార్డీ గణితవేత్త, వైన్‌బర్గ్ వైద్యుడు. జనాభాలో ఒక జన్యువుకున్న రెండు రూపాల పాళ్లు పీ, క్యూ అనుకుంటే, పీ స్క్వేర్, టూ పీక్యూ, క్యూ స్క్వేర్ కలిపితే ఒకటి. ఇది హైస్కూలు బీజగణితమే. ఆ ముక్క చెప్పకుండా బట్టీ పట్టిస్తున్నాం. అంతర్గత లక్షణం, అంటే తల్లి నుంచీ తండ్రి నుంచీ ఆ రూపమే వస్తేనే కనిపించేది, వందలో ఒక్కరిలో బయటపడితే క్యూ విలువ పదో వంతు. మరి పైకి కనపడకుండా దాన్ని మోస్తున్నవారు? వందకు 18 మంది! పిల్లవాడు నోరు తెరవాల్సింది అక్కడ.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు నుంచి వచ్చే పిల్లల్ని రొయ్యల కౌంట్ గురించి అడగండి. కిలోకు ఎన్ని తూగితే అంత కౌంట్. 100 కౌంట్ రొయ్య 10 గ్రాములు. 90కి దిగితే 11 గ్రాముల పైచిలుకు. 40 నుంచి 30కి దిగినా తేడా పది కౌంటే. కానీ రొయ్య 25 గ్రాముల నుంచి 33 దాటింది. విలోమానుపాతం అంటే భయపడే పిల్లవాడు గుంట గట్టు మీద దానితోనే పెరిగాడు.

అదే గుంటలో పీహెచ్, అంటే నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, తెల్లవారుజామున తగ్గి, మధ్యాహ్నానికి పెరుగుతుంది. నీటిలోని నాచు ఎండలో కార్బన్ డయాక్సైడును వాడుకోవడమే కారణం. 7.5 నుంచి 8.5కి పెరిగితే "ఒకటే కదా" అనుకుంటాడు. హైడ్రోజన్ అయాన్ల గాఢత పదో వంతుకు పడిపోయిందని అతనికి తెలియదు, ఎందుకంటే పీహెచ్ వెనకున్న లాగ్ (సంవర్గమానం, పదికి ఎన్నో ఘాతమో చెప్పేది) అంటే ఏమిటో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. "లెక్కల సారు చెబుతారులే" అంటారు. బైపీసీలో లెక్కల సారు ఎక్కడున్నాడండీ?

తప్పు మాదీ ఉంది. లాగ్ పట్టికలు చూడటం నేర్పాం, అవి ఎందుకు పుట్టాయో చెప్పలేదు. పైగా ఒకే వస్తువుకు తలో పేరు పెట్టుకున్నాం: మేం వాలు అంటాం, భౌతికశాస్త్రం వారు వేగం అంటారు, అర్థశాస్త్రం వారు ఉపాంత వ్యయం (ఇంకొక్క వస్తువు తయారీకి అదనంగా అయ్యే ఖర్చు) అంటారు. పైపెచ్చు ఆర్థికవేత్త మార్షల్ కాలం నుంచీ ధరను నిలువు అక్షం మీద వేయడం వారి అలవాటు. మా దగ్గర నేర్చుకున్నవాడికి గ్రాఫు పడుకున్నట్టు కనిపిస్తుంది. ఆ సంగతి ఒక్క వాక్యంలో ముందే చెప్పేస్తే సరిపోతుంది.

వచ్చే వారం మీలో ఎవరైనా పీహెచ్ పాఠం చెబుతుంటే నాకు కబురు పెట్టండి. వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాను. లాగ్ మాత్రం మీరే చెప్పాలి.